దూరపు చదువులు నునుపు

మా మండపేటలో ఫైనాన్స్ అనే మాటకి అర్థం వేరు. ఫలానా ఆయన ఫైనాన్స్ చేస్తున్నాడంటే వడ్డీకి డబ్బు తిప్పుతున్నాడని. ఫలానా బండి ఫైనాన్స్‌లో ఉందంటే ఇంకా వాయిదాలు తీరలేదని. అలాంటిది, ఫైనాన్స్‌లో పీజీ అని ఒకటుంది, దాన్ని కాలేజీ మొహం చూడకుండా ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పూర్తి చెయ్యొచ్చు అని చెబితే మావైపు పెద్దవాళ్ళు ముందు ఓ నవ్వు నవ్వి, తర్వాత ఒకే ప్రశ్న వేస్తారు: "అది చెల్లుద్దా?"

గమనించారా, "ఎంతవుద్ది?" అన్నది రెండో ప్రశ్న. నెట్లో వెతికితే మాత్రం అంతా తలకిందులు. చవకైన ఆన్‌లైన్ ఎంబీఏలు, తక్కువ ఫీజుతో ఫైనాన్స్ డిగ్రీలు... ఎక్కడ చూసినా ముందు ఫీజే. నాకైతే మా పెద్దవాళ్ళ వరసే సరైనదనిపిస్తుంది. ఊరికే అనడం లేదు. దూరవిద్య చరిత్ర మొదట్నుంచీ తిరగేస్తే, దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమందిని ముంచింది ఫీజు కాదు. పరీక్ష ఎవరు పెడుతున్నారు, ఆ పట్టాకి ఎవరు పూచీ అన్నవే. ఆ చరిత్ర కాస్త చెప్తాను. ఓపిగ్గా చదవండి, చివర్లో పనికొచ్చే సంగతులున్నాయి.

కథ లండన్‌లో మొదలవుతుంది. 1836లో పుట్టిన లండన్ విశ్వవిద్యాలయం 1858లో ఒక వింత పని చేసింది. మీరు ఏ కాలేజీలో చదివారో, అసలు చదివారో లేదో మాకనవసరం, వచ్చి మా పరీక్ష రాయండి, పాసైతే పట్టా ఇస్తాం అంది. అంటే పాఠం చెప్పే పూచీ తనది కాదు, పరీక్ష పెట్టే పూచీ మాత్రం తనది. ఊళ్ళో బడిపంతులు రాత్రిళ్ళు దీపం ముందు కూర్చుని చదువుకున్నా సరే, పరీక్షలో నెగ్గితే పట్టా పట్టాయే. ఆ పట్టాకి విలువెందుకొచ్చిందయ్యా అంటే, పరీక్ష కష్టం కాబట్టి. పాఠం ఎక్కడ విన్నారన్న దాన్నిబట్టి కాదు.

దీనికి ఒక ఏడాది ముందు, 1857లో, మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు పెట్టినప్పుడు నమూనాగా తీసుకున్నది కూడా ఈ లండన్‌నే. అందుకే మద్రాసు విశ్వవిద్యాలయం చాలాకాలం పాఠాలు చెప్పే సంస్థ కాదు, పరీక్షలు పెట్టే సంస్థ. పాఠాలు అనుబంధ కాలేజీల్లో జరిగేవి. మన రాజమండ్రి ప్రభుత్వ కాలేజీ అలాంటిదే, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా మద్రాసు నీడలోనే ఉంది. తేడా ఏంటంటే లండన్ కాలేజీ అడ్డు కూడా తీసేసింది, మనవాళ్ళు కాలేజీని ఉంచారు. "మెట్రిక్ ప్రైవేటుగా కట్టాడు" అన్న మాట మన తాతల నోట వినే ఉంటారు. బడికి వెళ్ళకుండా పరీక్ష ఫీజు మాత్రం కట్టి రాయడం అన్నమాట. ఆ కట్టడంలో చిన్నచూపు ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే బడికెళ్ళినవాడూ వెళ్ళనివాడూ రాసేది ఒకే ప్రశ్నపత్రం.

ఈ ముక్క గుర్తుంచుకోండి: ఒకే ప్రశ్నపత్రం. తర్వాత కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక పోస్టు కాలం. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సు మొదలెట్టింది. డి.ఎస్. కొఠారి అధ్యక్షతన వేసిన కమిటీ సలహా అది. కాలేజీల్లో సీట్లు చాలడం లేదు, కొత్త కాలేజీలు కట్టే డబ్బు లేదు, కానీ పోస్టాఫీసు మాత్రం ప్రతి ఊళ్ళో ఉంది. పాఠాలు అచ్చేసి పోస్టులో పంపితే సరి. పదేళ్ళకి, 1972లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా వాల్తేరులో కరస్పాండెన్స్ కోర్సుల స్కూలు తెరిచింది. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది ఎంత పెద్ద సంగతో ఇప్పుడు ఊహించడం కష్టం. ఉద్యోగం చేసుకుంటున్న టీచరు, గుమాస్తా, పెళ్ళయి ఇంట్లో ఉన్న ఆడపిల్ల... వీళ్ళకి బి.ఎ., బి.కాం. అన్న మాట పోస్టుమాన్ సంచిలో వచ్చింది. సెలవుల్లో కాంటాక్టు క్లాసులకి వెళ్ళి రావడం, పరీక్షలప్పుడు సెంటరు పడ్డ ఊళ్ళో బంధువులింట్లో దిగడం, ఇవన్నీ మా ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకునే కబుర్లే.

కానీ ఇక్కడే "రెగ్యులరా, డిస్టెన్సా?" అన్న ప్రశ్న కూడా పుట్టింది. ఉద్యోగం ఇచ్చేవాడూ అడిగాడు, పిల్లనిచ్చేవాడూ అడిగాడు. (రెండో వాడే ఎక్కువ గట్టిగా అడిగాడు!)

1969లో ఇంగ్లండులో ఓపెన్ యూనివర్సిటీకి చార్టర్ వచ్చింది, 1971లో పాఠాలు మొదలయ్యాయి. రేడియో, టీవీ, పుస్తకాలు, దగ్గర్లో ఒక స్టడీ సెంటరు, వీటన్నిటినీ కలిపి దూరవిద్య కోసమే ఒక విశ్వవిద్యాలయం. మన దేశంలో ఆ పని మొదట చేసింది ఢిల్లీ కాదు, బొంబాయి కాదు, హైదరాబాదు. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది, భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న ఆ కొద్ది నెలల్లోనే. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి. అంతకుముందు ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్‌గా చేసినాయన. ఇంటర్ లేకపోయినా సరే, 18 ఏళ్ళు నిండి ఒక అర్హత పరీక్ష గట్టెక్కితే డిగ్రీలో చేరొచ్చన్నారు. తెలుగులో పాఠ్యపుస్తకాలు రాయించారు. ఆ పుస్తకాలు ఎంత బావుంటాయంటే, కాలేజీకి వెళ్ళి చదివేవాళ్ళూ, పోటీ పరీక్షల వాళ్ళూ కూడా కొనుక్కుని చదివారు. దూరవిద్య పాఠాన్ని దగ్గరి విద్యవాళ్ళు వెతుక్కుంటూ రావడం చిన్న విషయం కాదు.

అదే రాంరెడ్డిని 1985లో కేంద్రం పిలిచి ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీకి, అంటే మన ఇగ్నోకి, మొదటి వైస్ ఛాన్సలర్‌ని చేసింది. ఇగ్నో 1987లో పాఠాలు మొదలెట్టినప్పుడు ఉన్నవి రెండే కోర్సులు. ఒకటి దూరవిద్యలో డిప్లొమా. రెండోది ఏంటో తెలుసా? మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా. అంటే దేశం మొత్తానికి పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ మొదటి రోజునే చూసింది ఉద్యోగం చేసుకుంటూ మేనేజ్‌మెంట్, ఫైనాన్స్ చదవాలనుకునేవాళ్ళ వైపు. ఆన్‌లైన్ ఎంబీఏ ఏదో నిన్నగాక మొన్న పుట్టిందనుకునేవాళ్ళు ఇది గమనించాలి. గిరాకీ పాతదే, బండి మారింది అంతే.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. నా వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి నాకు తెలిసిన పోలికే చెప్తాను. ఒక ప్రోగ్రాం రాయడానికి ఖర్చవుతుంది. రాశాక పదిమంది వాడినా పదిలక్షల మంది వాడినా అదనపు ఖర్చు కొంచెమే. దూరవిద్యలో పాఠం కూడా అంతే. ఒకసారి మంచి ప్రొఫెసర్ల చేత రాయిస్తే, ఎంతమంది చేరితే తలకి అంత చవక. ఇగ్నో తక్కువ ఫీజు రహస్యం ఇదే, నాసిరకం అని కాదు. అయితే అలా చవక కానివి మూడున్నాయి: అసైన్‌మెంట్లు దిద్దడం, అనుమానాలు తీర్చడం, పరీక్ష నిజాయితీగా పెట్టడం. ఇవి తలకి ఇంత అని పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి డబ్బు మిగుల్చుకోవాలనుకున్న సంస్థ కత్తెర వేసేది సరిగ్గా ఇక్కడే. లండన్ 1858లో పాఠం వదిలేసి పరీక్షని పట్టుకుంది. తర్వాత వచ్చిన కొందరు పాఠం పంపి పరీక్షని వదిలేశారు. పట్టా విలువ పోయేది అలా.

ఫైనాన్స్ విషయంలో మన హైదరాబాదుకే ఒక ప్రత్యేకమైన కథ ఉంది. 1984లో ఇక్కడ ఇక్ఫాయ్ అనే సంస్థ పెట్టారు. 1985 నుంచి చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్, అంటే సీఎఫ్ఏ, అనే కోర్సు దూరవిద్యలో నడిపింది. బ్యాంకు ఉద్యోగులకీ, బి.కాం. వాళ్ళకీ ఊళ్ళో ఉండి ఫైనాన్స్ చదువుకోవడానికి అప్పట్లో ఇది పెద్ద దారి. చిక్కెక్కడొచ్చిందంటే, అమెరికాలో 1963 నుంచి అదే పేరుతో పరీక్ష పెడుతున్న సంస్థ ఒకటుంది. మొదట్లో రెంటికీ స్నేహం ఉండేది, తర్వాత తెగింది, వ్యవహారం కోర్టుకెక్కింది. 2006లో ఢిల్లీ హైకోర్టు ఆ పేరు వాడకుండా ఇక్ఫాయ్ వాళ్ళని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కోర్టు ముందున్న ప్రశ్న చదువు మంచిదా చెడ్డదా అని కాదు, పేరు ఎవరిది అని. కానీ ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు చదివి పాసైన కుర్రాడికి, ఇంటర్వ్యూలో "మీది ఏ సీఎఫ్ఏ?" అని అడిగితే ఆ తేడా ఏం ఊరట? అతని తెలివి ఏమీ తగ్గలేదు, కాయితం మీద మాటకి మాత్రం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

దీనికన్నా గట్టి దెబ్బలు ఉన్నాయి. 2002లో ఛత్తీస్‌గఢ్ ఒక చట్టం చేసి, చిన్న నోటిఫికేషన్‌తో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పెట్టుకోనిచ్చింది. వందకు పైగా లేచాయి. కొన్నిటికి సరైన భవనం కూడా లేదు. యశ్‌పాల్ అనే శాస్త్రవేత్త సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2005 ఫిబ్రవరిలో కోర్టు ఆ చట్టంలోని కీలక సెక్షన్లు కొట్టేసింది, వాటితో పాటు ఆ విశ్వవిద్యాలయాలూ పోయాయి. 2017 నవంబరు 3న మరో తీర్పు. అనుమతి లేకుండా కరస్పాండెన్స్‌లో ఇంజినీరింగ్ నడిపిన నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాల కేసు అది. 2001-05 మధ్య చేరినవాళ్ళ డిగ్రీలు నిలిపేసి, మళ్ళీ పరీక్ష రాసి నెగ్గితేనే అన్నారు. ఆ తర్వాత చేరినవాళ్ళ డిగ్రీలు ఏకంగా రద్దు చేసి, ఫీజులు తిరిగిమ్మన్నారు. ఆలోచించండి, 2001లో చేరినవాడికి 2017లో తెలిసింది. ఈలోపు ఉద్యోగం, ప్రమోషన్, పెళ్ళి, పిల్లలు. ఫీజు తిరిగిస్తారు సరే, పదహారేళ్ళు ఎవరిస్తారు?

2022 మార్చిలో ఇంకొకటి. మన దగ్గర ఎంతోమంది చదివిన అన్నామలై విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సులకి 2014-15 వరకే గుర్తింపు ఉందని యూజీసీ బహిరంగ ప్రకటన ఇచ్చింది. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒకటుంది. విశ్వవిద్యాలయం అసలైనదే, పాతది, పేరున్నది. అయినా ఫలానా సంవత్సరంలో ఫలానా పద్ధతిలో చెప్పడానికి అనుమతి ఉండాలి. మంచి హోటలే కానీ ఇవాళ లైసెన్సు ఉందా లేదా అన్నట్టు. పెద్ద పేరు చూసి చేరడం చాలదన్నమాట.

కాపలా కాసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 1991 నుంచి ఇగ్నో కిందే దూరవిద్యా మండలి ఉండేది. తనూ ఆటగాడై ఉండి తనే అంపైర్ కావడం అన్నమాట. 2013లో ఆ పని యూజీసీకి మారింది, ఇప్పుడు అక్కడ దూరవిద్యా బ్యూరో చూస్తోంది.

ఈలోగా పోస్టు సంచి పోయి ఇంటర్నెట్ వచ్చింది. 2014 జనవరిలో అమెరికాలో జార్జియా టెక్ సుమారు 7 వేల డాలర్లకి కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ఆన్‌లైన్లో పెట్టి అందర్నీ ఆశ్చర్యపరిచింది. మర్నాడే అన్నట్టు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 2015లో ఎంబీఏని అలాగే ప్రకటించింది, ఫీజు సుమారు 22 వేల డాలర్లు. 2019కల్లా తమ పూర్తికాలపు క్యాంపస్ ఎంబీఏనే ఆపేస్తున్నామని చెప్పింది. అంటే అక్కడ రెగ్యులరే పోయి డిస్టెన్స్ మిగిలింది! మన దగ్గర 2018లో ఆన్‌లైన్ డిగ్రీలకి మొదటి నియమాలు, 2020 సెప్టెంబరులో దూరవిద్య, ఆన్‌లైన్ రెంటికీ కలిపి కొత్త నియమాలు వచ్చాయి. న్యాక్‌లో 4కి 3.26 తెచ్చుకున్న సంస్థలకీ, ఎన్ఐఆర్ఎఫ్‌లో మొదటి వందలో నిలదొక్కుకున్న వాటికీ ఆన్‌లైన్ తలుపులు తెరిచారు. ఇంటి మార్కులు 30 శాతం మించకూడదు, మిగతాది చివరి పరీక్షే అన్నారు. 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది: గుర్తింపు ఉన్న సంస్థ అనుమతితో ఇచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానం.

సో, మావాళ్ళ ప్రశ్నకి జవాబు వచ్చేసింది. చెల్లుతుంది. కానీ ఆ "అనుమతితో" అన్న ఒక్క మాటలోనే అరవయ్యేళ్ళ చరిత్ర ఉంది.

ఇంతకీ ఇదంతా ఎందుకు తవ్వానంటే, మా పిన్ని కూతురు బి.కాం. చదివి మండపేటలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తోంది. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ధాన్యం బిల్లులు అన్నీ తనే. ఫైనాన్స్‌లో ఎంబీఏ చేస్తే ఏదైనా కంపెనీలోకి మారొచ్చని ఆశ. నెట్లో ఓ ఫారం నింపిందో లేదో, రోజుకి నాలుగు ఫోన్లు. "మేడమ్, ఇవాళే ఆఖరి రోజు, మీకు మాత్రమే స్కాలర్‌షిప్, నెలకి ఇంతే వాయిదా." ఏ సంస్థో పేరెందుకులెండి. "అన్నయ్యా, లక్షన్నరట, కట్టేయనా?" అంది. తన జీతానికి అది ఏడాది పొదుపు కన్నా ఎక్కువ. ఆ వాయిదా అంటే కాలేజీకి కట్టేది కాదు, ఎవరో ఫైనాన్స్ కంపెనీ దగ్గర తన పేరున తీసే అప్పు. చూశారా, ఫైనాన్స్ చదవడానికి కూడా మా ఊరి అర్థంలో ఫైనాన్స్!

బాబాయ్ పక్కనుంచి, "ఏరా, సర్కారు ఉద్యోగానికి పనికొస్తదా?" అన్నారు. మళ్ళీ అదే ప్రశ్న, ఇంకో రూపంలో.

నేను తనకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తాయని.

ఒకటి. యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైటులో అనుమతులు ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. సంస్థ పేరు కనిపించగానే సంతోషపడిపోవద్దు. ఈ సంవత్సరం, ఈ సెషన్, ఈ కోర్సు, ఈ పద్ధతి (ఆన్‌లైనా, దూరవిద్యా), నాలుగూ కలవాలి. ఛత్తీస్‌గఢ్, 2017 తీర్పు, అన్నామలై మూడూ నేర్పిన పాఠం ఇదే. 2024 నుంచి చేరే విద్యార్థి తనే ఆ సైటులో డెబ్ ఐడీ అనేది తీసుకోవాలి. ఐడీ ఊసెత్తకుండా "డబ్బు కట్టండి, మిగతాది మేం చూస్కుంటాం" అంటే ఫోన్ పెట్టేయండి.

రెండు. పరీక్ష ఎవరు, ఎలా పెడతారో అడగండి. సులువుగా పాసైపోతారని ఎవరైనా మురిపిస్తే అది లాభం కాదు, నష్టం. ఆ పట్టాని రేపు చూసే బ్యాంకువాడికీ ఆ సంగతి తెలుసు. పది రోజుల ఎంబీఏ లాంటి ప్రకటనల్ని నమ్మొద్దని 2024లో యూజీసీయే చెప్పాల్సి వచ్చింది.

మూడు. ఫోన్ చేస్తున్నది విశ్వవిద్యాలయమా, మధ్యవర్తా? మధ్యవర్తి కంపెనీలతో ఫ్రాంచైజీ పద్ధతిలో కోర్సులు నడపకూడదని 2022 జనవరిలోనే యూజీసీ హెచ్చరించింది. సాంకేతిక సాయం వేరు, పట్టా అమ్మడం వేరు. డబ్బు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే వెళ్ళాలి.

నాలుగు. ఇప్పుడు ఫీజు. పాఠం ఎంతమందికి పంచినా తరగదని పైన లెక్క చూశాం కదా. కాబట్టి లక్షన్నరకీ మూడు లక్షలకీ ఉన్న తేడా పాఠంలో ఉండకపోవచ్చు, ప్రకటనల్లోనూ ఆ నాలుగు ఫోన్లలోనూ ఉండొచ్చు. ఇగ్నో ఎంబీఏ రెండేళ్ళకీ కలిపి అరవై, డెబ్భై వేల మధ్యలో అయిపోతుంది, అందులో ఫైనాన్స్ ప్రత్యేకంగా తీసుకోవచ్చు. ఎంకాం అయితే ఇంకా చాలా తక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఇప్పుడు ఆన్‌లైన్ ఎంబీఏ నడుపుతోంది. ఎక్కువ డబ్బు పెట్టేట్టయితే, దిద్దే మాస్టారు, అడిగితే జవాబు చెప్పే మనిషి, ఉద్యోగం చూపించే ఏర్పాటు, వీటిలో ఏది అదనంగా వస్తోందో కాయితం మీద చూపించమనండి.

అయిదు. పట్టా అవసరమా, చదువు అవసరమా తేల్చుకోండి. ప్రమోషన్‌కో, సర్కారు నోటిఫికేషన్‌కో అయితే పట్టా కావాలి, చవకైనది చాలు. కంపెనీ ఫైనాన్స్ నేర్చుకోవడమే కావాలంటే 2017లో వచ్చిన స్వయంలో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే కొద్దిపాటి ఫీజు. అవి ఒక ఆర్నెల్లు చదివి, ఇష్టం నిలబడుతుందో లేదో చూసుకుని అప్పుడు డిగ్రీలో చేరినా మునిగిపోయేదేం లేదు. "ఇవాళే ఆఖరి రోజు" అన్న కోర్సు వచ్చే సెషన్లో మళ్ళీ వస్తుంది, నాదీ హామీ.

మా చెల్లి ప్రస్తుతానికి వాయిదాల కోర్సు వదిలేసింది. ఇగ్నోలో చేరాలా, ఎంకాం చెయ్యాలా అన్నది తను తేల్చుకుంటుంది, అది తన లెక్క. మిల్లులో ఏళ్ళ తరబడి జమాఖర్చులు చూసిన పిల్లకి లాభనష్టాలు నేను నేర్పేదేముంది.

దూరవిద్యని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు చిరాకు. మండపేట లాంటి ఊళ్ళో, ఉద్యోగం మానలేని, ఇల్లు వదల్లేని మనిషికి ఇంతకు మించిన దారి ఎప్పుడూ లేదు. పోస్టుమాన్ సంచి నుంచి ఫోన్ తెర దాకా ఆ దారి వెడల్పవుతూనే వచ్చింది. కాకపోతే దారి వెడల్పయిన ప్రతిసారీ టోల్ వసూలు చేసే దొంగ గేట్లు కూడా లేచాయి. గేటు దగ్గర ఆగి రసీదు మీద ముద్ర ఎవరిదో చూసుకుని, ఆ తర్వాతే పర్సు తియ్యండి.